చేతి మెరుగు

షీ యున్‌గెన్‌కి పొగడ్తలకు కొదవేమీ లేదు. సూజౌలో మా కాలవగట్టు సందులో అతని నగిషీ కొట్టు ముందు షాంఘై దళారులు వంతులేసుకుని కూచునేవారు. "యున్‌గెన్ గారూ, మీ చేతిలో కొయ్య మైనమైపోతుందండీ" అని వాళ్ళు ఒకరిని మించి ఒకరు పొగుడుతుంటే, అతను ఉలి ఆపకుండా "ఊఁ" అనేవాడు. గర్వం అనుకునేరు. గర్వం కాదు. అతనికి కావలసిన మాట ఇంకొక మనిషి నోట్లో ఉంది, ఆ మనిషి దాన్ని బయటికి వదలడు. అంతే.

ఆ మనిషి పాన్ హౌజై మాస్టారు. పక్క సందులో పిల్లలకు అక్షరాలు దిద్దించేవారు. మధ్యాహ్నం బడి వదిలాక చేతిలో తన టీ కూజా పట్టుకుని తిన్నగా యున్‌గెన్ కొట్టుకి వచ్చి, గుమ్మం పక్కన పొట్టి బల్ల మీద కూచునేవారు. ఆ పూటకి తయారైనవి ఏవుంటే అవి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టేవారు. ముచ్చటపడి కొనుక్కున్న వింతరాళ్ళకి పీటలు చేయించుకునే అలవాటు మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరికీ ఉంది. ఆ పీటల్లాంటివి చూసినప్పుడు మాస్టారు "బాగుందోయ్, రాయి హాయిగా కూచుంది" అనేవారు. అదే యున్‌గెన్ ప్రాణం పెట్టి చెక్కిన నగిషీ ఏదైనా చేతికిస్తే మాత్రం ఒక్కటే మాట: "కష్టపడ్డావు."

ఆ "కష్టపడ్డావు" వినీ వినీ యున్‌గెన్‌కి ఒళ్ళు మండిపోయేది. కష్టపడ్డానని తనకి తెలీదా? పడవలకు పలకలు కొట్టుకునే ఇంట్లో పుట్టి, పదిమంది పిల్లల్లో ఒకడుగా గురువుగారి కొట్టులో రంపప్పొట్టు ఊడ్చి, తన్నులు తిని నేర్చుకున్న పని అది. చదువు లేదు. తను చెక్కిన పాత్రల్లో నిలబడే కుంచెలతో ఏం రాస్తారో తనకి తెలీదు. అది తెలిసిన మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన నగిషీని చూసి "బాగుంది" అంటే చాలనుకున్నాడు. పాపం, అంతకన్నా పెద్ద ఆశ అతనికి లేదు.

ఒక ఏడు షాంఘై నూలు వ్యాపారి ఒకాయనకి, రాసుకునే కుంచెలు నిలబెట్టుకునే పాత్ర చేశాడు. బోదెలాంటి గుండ్రటి ఎర్రచందనం పాత్ర, దాని చుట్టూ దేవతలు, కొంగలు, జింకలు, గబ్బిలాలు, మబ్బులు. వేలు పెట్టడానికి ఖాళీ లేదు. కొట్లో ఉన్నవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. మాస్టారు దాన్ని తీసుకుని నెమ్మదిగా తిప్పి చూసి, బల్ల మీద పెట్టి, టీ ఒక గుక్క తాగారు.

"యున్‌గెన్, దీన్లో కుంచెలు పెడితే వాటికి నిద్రపట్టదోయ్."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. యున్‌గెన్ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? సాయంత్రం భార్య ఆజెన్ అన్నం, ఉడికించిన తామరదుంప పెడితే కంచం పక్కకు నెట్టేశాడు.

"మాస్టారు అన్నదాంట్లో తప్పేముంది?" అంది ఆజెన్. "సంతరోజు వంతెనలా ఉంది, ఆ పాత్ర."

"నువ్వూనా!"

"నేనే. ఈ ఇంట్లో నిజం చెప్పడానికి ఇంకెవరున్నారు? కూచుని తిను."

అతను తినలేదు. అలాంటి మొండిఘటం.

ఆ చలికాలంలోనే మాస్టారు తన కుంచెల పాత్రను నీలం గుడ్డలో చుట్టి తెచ్చారు. ఎండుగాలికి అడుగుబిళ్ళ వదులై పగిలింది. పాతకాలపు ఎర్రచందనం అది. దక్షిణ సముద్రాల మీద ఓడల్లో వచ్చే సరుకు, చేతులు తగిలి తగిలి దాదాపు నల్లబడింది. దాని మీద ఒక్క గీత లేదు. వట్టి సాదా పాత్ర.

"అడుగు ఒక్కటే చూడవోయ్. తొందరేం లేదు" అని చెప్పి మాస్టారు వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది అప్పటికి యున్‌గెన్‌కి తెలీదు. మాస్టారికీ ఆయన భార్యకీ తప్ప సందులో ఎవరికీ తెలీదు. ఆ పాత్రకు ఒక పక్క చిన్న లోతు ఉంది, అరచెయ్యి ఆన్చితే సరిగ్గా సరిపోయేంత. అది మాస్టారి తల్లి చెయ్యి. రాచకొలువు పరీక్షలకు కొడుకు చదువుతుంటే ఆవిడ పక్కన కూచునేది. ఆవిడకి చదువు రాదు. సిరా నూరిపెడతానంటే, "చిక్కగా నూరేస్తావమ్మా" అని కొడుకు వద్దనేవాడు. కొడుకు చదువులో తన చెయ్యి కూడా ఒకటి ఉండాలని, ఖాళీ పాత్రను ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో రుద్దుతూ కూచునేది. ఈ కొయ్య మెరిసిన నాడు కొడుకు పేరూ మెరుస్తుందని ఆవిడ మొక్కు. కొయ్య మెరిసింది. కొడుకు పరీక్ష తప్పాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. ఆఖరికి సర్కారువాళ్ళు ఆ పరీక్షలనే ఎత్తేశారు. ఆవిడ మాత్రం రుద్దడం మానలేదు. పోయేదాకా రుద్దింది. ఆవిడ బొమ్మ గీయించుకోలేదు, ఫొటో తీయించుకోలేదు. పాన్ మాస్టారికి తల్లి తాలూకు మిగిలింది ఆ లోతూ, ఆ మెరుగూను.

చేతి మెరుగు సంగతి మా ఊళ్ళో ఉలి పట్టిన ప్రతివాడికీ తెలుసు. పాత వస్తువు మీద మనుషుల చేతులు పేర్చిన ఆ పలచని పొరను కడగకూడదు, గీకకూడదు. దాని మీద ఉలి పెట్టేముందు ఆ వస్తువు గలవాణ్ణి అడిగి తీరాలి. యున్‌గెన్ గురువుగారు ఈ మాట చెప్పి చెప్పి, చెవి మెలిపెట్టి మరీ చెప్పారు. తెలియక చేశాడని యున్‌గెన్‌ని వెనకేసుకొద్దామంటే ఆ దారి కూడా లేదు.

అడుగుబిళ్ళ బాగుచేయడం అతనికి పూటపని. బాగుచేశాడు. తర్వాత పాత్రను ఊరికే చేతిలో పట్టుకుని కూచున్నాడు. అరచెయ్యి దానంతటదే ఆ లోతులోకి పోయి కుదురుకుంది. ఎంతో హాయిగా ఉంది. చేతికి తెలిసింది. 'ఇక్కడ ఎవరో ఉన్నారు' అని చెయ్యి చెప్పనే చెప్పింది. కానీ అప్పటికే అతని కళ్ళు ఆ లోతులో ఒక మడుగును చూసేశాయి. పైఅంచు నుంచి వాలే ముసలి దేవదారు చెట్టు, కింద ఆ మడుగు, ఇంకేమీ లేదు. దేవతలు లేరు, కొంగలు లేవు. మాస్టారి కుంచెలు హాయిగా నిద్రపోతాయి. కొత్త ఏడు రాగానే మాస్టారి అరవయ్యో పుట్టినరోజు కూడాను.

"అడిగావా?" అంది ఆజెన్, అతను పాత్ర మీద బొగ్గుతో గీయడం చూసి.

"అడిగితే అది బహుమతి ఎలా అవుతుందే?"

"అడక్కుండా చేస్తే బహుమతి అవుతుందని నీకెవరు చెప్పారు?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలీదు సరే. అడుగు ఒక్కటే చూడమన్నారు కదా ఆయన. అది నాకు వినబడింది, నీకు వినబడలేదా?"

అతను ఉలి నూరుకుంటున్నాడు.

చెక్కినన్నాళ్ళూ యున్‌గెన్ అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. ఈ మాట దాచడం ఎందుకు? పాటలు పాడుకున్నాడు. దళారులను బయట నుంచి బయటికే పంపేశాడు. దేవదారు ఆకులను సూదుల్లా ఒక్కొక్కటీ లేపాడు. ఇక మడుగు మిగిలింది. అంచులకు పదును రావాలంటే లోతు ఇంకాస్త దిగాలి. వంకర ఉలి పెట్టి పాత పొరను పలచగా లేపాడు. నల్లటి పొర కింద కొయ్య ఎర్రగా, పచ్చిగా బయటపడింది. ఎర్రటి రజను ఒళ్ళో రాలింది. అతను లేచి నిలబడి దాన్ని దులుపుకున్నాడు. గరుకుగడ్డితో రుద్ది, మైనం పట్టించి, మడుగును అద్దంలా చేశాడు.

పుట్టినరోజు నాడు మాస్టారింట్లో ఆయుష్షు పెరగాలని పొడుగు సేమ్యాలు, పీచ్ పండు ఆకారంలో చేసిన తీపి బన్నులు పెట్టారు. పాత శిష్యులు నలుగురైదుగురు వచ్చారు. యున్‌గెన్ కొత్త పొడుగు అంగీ తొడుక్కుని, నీలం గుడ్డ మూటను రెండు చేతులతో అందించాడు.

"అడుగు బాగుపడిందా?" అంటూ మాస్టారు గుడ్డ విప్పారు.

గదిలో ఉన్నవాళ్ళంతా "అబ్బ!" అన్నారు. మాస్టారి కుడిచెయ్యి అలవాటు కొద్దీ పాత్ర పక్కకి వెళ్ళింది, మడుగు అంచు తగలగానే ఆగింది. వెనక నిలబడ్డ ఆయన భార్య కూజాలో నీళ్ళు అయిపోయాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాస్టారు పాత్రను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగులో చాలాసేపు చూశారు.

"బాగుంది యున్‌గెన్" అన్నారు, ఇటు తిరక్కుండానే. "చాలా బాగుంది. నువ్వింత బాగా చెక్కగా నేనెప్పుడూ చూడలేదు."

యున్‌గెన్ ఉబ్బితబ్బిబ్బైపోయాడు. ఇంటికి పోతూ సారా కొట్టు దగ్గర ఆగి, ఎదురైన వాళ్ళకల్లా పోయించాడు. ఇంట్లోకి అడుగు పెడుతూనే "అన్నారే! బాగుందన్నారు! అందరి ముందూ అన్నారు!" అని కేకలు పెట్టాడు.

"నవ్వారా?" అంది ఆజెన్.

"ఏంటి?"

"ఆ మాట అనేటప్పుడు నవ్వుతూ అన్నారా, అని."

యున్‌గెన్ ఆలోచించాడు. మాస్టారి వీపే గుర్తొచ్చింది. "నవ్వితేనే మాటా?" అని కసిరి పడుకున్నాడు.

మాస్టారు కొట్టుకి రావడం మానలేదు. అదే టీ కూజా, అదే పొట్టి బల్ల. అయితే ఇదివరకు రాసేటప్పుడు మణికట్టు ఆన్చుకునే తన బద్దో, ముద్ర బిళ్ళో ఏదో ఒకటి జేబులోంచి తీసి "ఇది చూడవోయ్" అని చేతిలో పెట్టేవారు. ఇప్పుడు ఏదీ పెట్టడంలేదు. అది యున్‌గెన్ గమనించలేదు. పొగడ్త తలకెక్కినవాడికి ఏం కనబడుతుంది?

సమాధులు శుభ్రం చేసుకునే పండగ వచ్చింది. ఆజెన్ చేసిన ఆకుపచ్చ పిండిఉండలు ఇచ్చిరావడానికి యున్‌గెన్ మాస్టారింటికి వెళ్ళాడు. మాస్టారు ఇంకా సమాధుల దగ్గర్నుంచి రాలేదు. రాతబల్ల మీద చూస్తే కుంచెలు ఊరగాయ జాడీలో ఉన్నాయి.

"అమ్మగారూ, నా పాత్ర ఏదండీ?" అన్నాడు. నా పాత్ర అన్నాడు చూడండి.

మాస్టారి భార్య పళ్ళెం అందుకుని "పెట్టెలో ఉంది" అంది.

"పెట్టెలో ఎందుకండీ? పగిలిందా మళ్ళీ?"

"పగల్లేదు నాయనా." ఆవిడ పళ్ళేన్ని కింద పెట్టింది. "చెప్పొద్దన్నారాయన. కానీ నువ్వలా ఆ బల్ల వంక చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది." చెప్పేసింది. అత్తగారు ఎక్కడ కూచునేదీ, ఏ చేత్తో రుద్దేదీ, పోయేముందు చేతులు వణుకుతున్నా ఎలా పట్టుకున్నదీ, అన్నీ చెప్పింది. "ఏటా ఈ పండక్కి సమాధి దగ్గరికి వెళ్ళేముందు ఆయన ఆ లోతులో చెయ్యి పెట్టుకుని కాసేపు కూచునేవారు. ఈ ఏడు ఊరికే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు."

యున్‌గెన్ గడప మీద కూలబడ్డాడు. ఒళ్ళో రాలిన ఎర్రటి రజను, తను లేచి దులుపుకోవడం గుర్తొచ్చాయి. ఆ రజను ఆజెన్ ఎటు ఊడ్చిందో కూడా తెలీదు. కాలవలోకే అయ్యుంటుంది.

"అప్పుడే రెండు తిట్టొచ్చు కదమ్మా" అన్నాడు.

"తిడితే తిరిగొస్తుందా? నువ్వేమో పండగలా మూట పట్టుకుని వచ్చావు."

మాస్టారు బురద కాళ్ళతో వచ్చేసరికి యున్‌గెన్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన్ని చూడగానే మోకాళ్ళ మీద పడి నేలకు నుదురు ఆన్చాడు. మాస్టారు భార్య వంక చూశారు, ఏం జరిగిందో అర్థమైంది.

"లేవోయ్, లే. మోకాళ్ళ నొప్పులని రోజూ గోల పెడతావుగా."

"నా చెయ్యి విరగ్గొట్టండి మాస్టారూ."

"విరగ్గొట్టి నేనేం చేసుకోను? లేచి కూచో, టీ తాగు."

"మరి బాగుందని ఎందుకన్నారు? అంత పని చేస్తే బాగుందని ఎలా అన్నారు?"

మాస్టారు చెప్పులు విప్పి, బురద గోడకేసి దులుపుకున్నారు. "బాగుంది కనక అన్నాను. బాగాలేదని అబద్ధం ఎలా ఆడమంటావు?"

ఆ జవాబు కంటే చెంపదెబ్బ నయమనిపించింది యున్‌గెన్‌కి.

మర్నాడు మాస్టారు పాత్రను పెట్టెలోంచి తీసి, కుంచెలు పెట్టి, బల్ల మీద నిలబెట్టారు. యున్‌గెన్ కోసమే ఆ పని చేశారని సందులో అందరికీ తెలుసు. మధ్యాహ్నం వచ్చి పొట్టి బల్ల మీద కూచున్నారు కూడా. బియ్యం ధర గురించి, వాన గురించి మాట్లాడుకున్నారు. మనుషులు విడిపోలేదు. కానీ మాస్టారు మళ్ళీ ఎన్నడూ జేబులోంచి ఒక వస్తువు తీసి యున్‌గెన్ చేతిలో పెట్టలేదు. అతనూ చెయ్యి చాచలేదు.

ఆ తర్వాత యున్‌గెన్ నగిషీలు చెక్కలేదు. ఉలి పట్టుకుంటే మడుగు అంచు తగిలి ఆగిపోయిన మాస్టారి చెయ్యే కనబడేది. దళారులు కొన్నాళ్ళు తిరిగి, తిట్టి, పై వీధిలో కొత్తవాణ్ణి చూసుకున్నారు. యున్‌గెన్‌కి రాళ్ళ పీటలు, అడుగుబిళ్ళలు, బీరువా కాళ్ళు మిగిలాయి. ఎవరు ఏ పాత వస్తువు తెచ్చినా "ఇంట్లో పెద్దవాళ్ళని అడిగారా? ఇది ఎవరు వాడేవారు? ఎక్కడ పట్టుకునేవారు?" అని ప్రాణం తీసేవాడు. చీపురుకి పిడి వేయమన్నా యున్‌గెన్ ఇంటిపెద్దని పిలిపిస్తాడని సందులో వేళాకోళం చేసేవారు. ఆజెన్ మొదట్లో వాళ్ళమీదికి చీపురు ఎత్తేది, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. అతను మాత్రం నవ్వేవాడు కాదు. రెండు చేతులా తిండి తెచ్చిపెట్టిన పనిని అలా వదిలేసుకోవడం పిచ్చితనమేనని నాకూ అనిపిస్తుంది. అడిగి చెక్కితే పోయేదేముంది? కానీ అతనికి నచ్చజెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మాస్టారు చెప్పగలిగేవారేమో, ఆయన చెప్పలేదు.

కొన్నేళ్ళకి మాస్టారికి కళ్ళల్లో పొర కమ్మింది. బడి మూతపడింది. సందు దాటి రావడం కష్టమైతే, యున్‌గెన్ తన టీ కూజా పట్టుకుని తనే వెళ్ళడం మొదలుపెట్టాడు. రాయడానికి చూపు లేకపోయినా మాస్టారు రాతబల్ల దగ్గరే కూచునేవారు. ఎండ పడ్డంతసేపూ ఎదురుగా యున్‌గెన్ కూచునేవాడు.

ఒకరోజు వసంతపు ఎండలో మాటల మధ్య మాస్టారి చెయ్యి పాత్ర మీదికి వెళ్ళింది. తెలిసి వెళ్ళలేదది. ఆయన గుడ్లధర గురించి ఏదో చెబుతూనే ఉన్నారు. చెయ్యి మాత్రం పాత్ర చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఒకచోట ఆగింది, కాదనుకుంది, పక్కకి జరిగింది. మళ్ళీ తిరిగింది. మడుగులో దిగింది, అక్కడా కుదర్లేదు. ఆకుల మీదికి పోయి చటుక్కున వెనక్కొచ్చింది. మాస్టారు మాట ఆపి, వేలి కొసను బొటనవేలితో రాసుకున్నారు.

"నీ దేవదారు ఆకులు ఇంకా పదునుగానే ఉన్నాయోయ్" అని నవ్వారు.

యున్‌గెన్‌కి నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఇలా ఇవ్వండి మాస్టారూ. చెట్టంతా గీకేస్తాను. మడుగు అంచులు తీసేస్తాను. గరుకుగడ్డి పెట్టి రుద్ది మునుపటిలాగే నున్నగా చేసిస్తాను. గోడ మందంగానే ఉంది, తట్టుకుంటుంది. ఈసారి అడుగుతున్నాను, చూడండి. అడిగే చేస్తాను."

మాస్టారు తడుముకుని పాత్రను ఒళ్ళోకి లాక్కున్నారు. కుంచెలు బల్ల మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

"వద్దు."

"చేతికి గుచ్చుకుంటోంది కదండీ!"

"గుచ్చుకోనీ." ఆయన రెండు చేతులూ దాని చుట్టూ వేశారు. "అమ్మ చెయ్యి ఎలాగూ పోయింది. ఇది కూడా గీకేస్తే నీ చెయ్యీ పోతుంది. ఇక మిగిలేది వట్టి కొయ్య. ఈ వయసులో వట్టి కొయ్య పట్టుకుని నేనేం చేసుకోనోయ్?"

యున్‌గెన్ ఏడ్చాడు. ఆయనకి కనబడదులే అని కళ్ళు తుడుచుకోలేదు, చప్పుడు మాత్రం కాకుండా చూసుకున్నాడు. కాసేపటికి లేచి బల్ల మీద పడ్డ కుంచెలు ఏరాడు. పాత్ర మాస్టారి ఒళ్ళో ఉంది గనక వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.